పంటు మీద పలకరింపు

తొంభైల మొదట్లో నేను నరసాపురంలో డిగ్రీ చదివాను. మాది ఇవతల ఒడ్డు, సఖినేటిపల్లి పక్కన పల్లెటూరు. అంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వశిష్ఠ గోదారి దాటాల్సిందే. అంతర్వేది దగ్గర సముద్రంలో కలవడానికి ఇంకెంతో దూరం ఉండదు కాబట్టి ఏరు అక్కడ బాగా వెడల్పు. వంతెన వస్తుందని మా తాతగారు నమ్మారు, ఆ తర్వాత మా నాన్నగారూ నమ్మారు. అందరినీ దాటించింది మాత్రం పంటే, అంటే పైన బల్లలు పరిచిన పెద్ద పడవే. మనుషులు, సైకిళ్లు, స్కూటర్లు, కొబ్బరికాయల బస్తాలు, పాలక్యాన్లు, పెళ్లివారి కారు, పురిటికి పుట్టింటికి వెళ్లే అమ్మాయి, అంతా ఒకే బల్లల మీద.

దాటడానికి పట్టేది కాసేపే. ఎదురుచూపే ఎక్కువ. అవతల పంటు నిండాలి, బయల్దేరాలి, ఇవతలికి రావాలి, దిగేవాళ్లు దిగాలి. ఈలోగా రేవులో పాక కింద నిలబడి చేసేదేముంటుంది? మాటలే.

"అంబాజీపేటలో కాయ రేటెంతుందండీ?"

"రాజోలు బస్సు వెళ్లిపోయిందాండీ?"

"ఆయ్, ఇప్పుడే వెళ్లిందండి. ఇంకో అరగంట ఆగాలండి."

"ధవళేశ్వరంలో నీళ్లెంతున్నాయంట?"

వరద రోజుల్లో ఆ చివరి ప్రశ్న అడగనివాళ్లు ఉండేవారు కాదు. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మా లంకల్లో చదువు రాని ముసలమ్మలకు కూడా ఈ అంకెలు నోటికొచ్చు. రేడియోలో విన్నవాళ్లు విననివాళ్లకు చెప్పేవారు. 1986 ఆగస్టు వరదలో మునిగినవాళ్లు, నీళ్లు ఎంతదాకా వచ్చాయో పాక గుంజ మీద చెయ్యి పెట్టి మా కాలేజీ పిల్లలకు చూపించేవారు. ఆ చెయ్యి నా తలకన్నా ఎత్తులో ఉండేది.

ఆ రేవులో నాకు అందరికన్నా బాగా గుర్తున్న మనిషి ఒకావిడ. పేరేంటో మాలో ఎవరికీ తెలీదు, లేసు పిన్ని అనేవాళ్లం. నరసాపురం లేసుల సంగతి అందరికీ తెలిసిందే. మా పల్లెల్లో ఆడవాళ్లు ఇంటి పనయ్యాక అరుగు మీద కూర్చుని అల్లేవారు. ఈవిడ అల్లిన లేసు నరసాపురంలో ఏజెంటుకి ఇచ్చేసి, మళ్లీ దారం తెచ్చుకోవడానికి పంటు ఎక్కేది. దారపు ఉండ చంకకు తగిలించుకున్న సంచిలో ఉండేది. అందులోంచి వచ్చే దారం ఎడమచేతి చూపుడువేలికి ఒక చుట్టు. కుడిచేతిలో చివర కొక్కెం ఉన్న సన్నటి సూది. గుచ్చడం, దారం లాగడం, మళ్లీ గుచ్చడం. గాలికి పంటు ఊగినా ఆ వేళ్లు ఆగేవి కావు. ఆవిడ సూది వైపు చూడగా నేను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ మా మొహాలే చూస్తూ ఉండేది.

"ఎవరమ్మాయివే?" అని మొదలుపెట్టి ఊరు, వీధి, అమ్మమ్మగారి ఊరు అడిగేసరికి చుట్టరికం పట్టేసేది. చుట్టరికం దొరక్కపోతే, మీ పెదనాన్నగారి పొలం పక్క పొలం మా తోడికోడలి పుట్టింటివాళ్లదే అని ఏదో ఒకటి కలిపేది. ఓ రోజు నన్ను చూసి, "పొద్దున ఏమీ తినలేదు కదూ? అమ్మతో గొడవా?" అంది. నిజమే. పరీక్ష ఫీజు దగ్గర అమ్మతో మాటా మాటా వచ్చి తినకుండా వచ్చేశాను. "సంచిలో పొట్టిక్కుంది, తీసుకో" అంది, చేతులు ఆపకుండానే. పనసాకు బుట్టలో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన ఆ పొట్టిక్క ఇంకా వెచ్చగా ఉంది. ఆకు వాసనతో సహా గుర్తుంది నాకు. మా చిన్నక్కకి రాజోలు సంబంధం చెప్పింది కూడా ఆవిడే, ఆ పంటు మీదే.

చేతిలో పని ఉంటే మనిషి పక్కవాళ్లకి దూరమైపోడని ఆవిడని తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది. ఆవిడ చేతులు రోజంతా పనిలోనే ఉండేవి, కళ్లూ చెవులూ మాత్రం మా కోసం ఖాళీగా ఉంచేది. ఫోను మొట్టమొదట లాక్కునేది ఆ కళ్లనే.

అప్పుడు ఫోన్లు లేవని అనుకోకండి. మా వీధంతటికీ ఒక ఫోను ఉండేది, షావుకారుగారి ఇంట్లో. శుభలేఖల మీద, ఉత్తరాల మీద ఆ నంబరు రాసి, అది పొరుగింటి ఫోను అని తెలిసేలా పక్కన పీపీ అని పెట్టేవాళ్లం. కువైట్ నుంచో మస్కట్ నుంచో ఎవరికైనా కాల్ వస్తే, పది నిమిషాలాగి మళ్లీ చెయ్యమని చెప్పి షావుకారుగారి కోడలు వాళ్ల కుర్రాణ్ని పరిగెత్తించేది. తడి చేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ ఆ తల్లి పరుగెత్తుకొచ్చేది. మాట్లాడేది ఒకరు, వినేది నలుగురు. జీతం అందిందంటే నలుగురూ సంతోషపడేవారు. ఏడుపొస్తే షావుకారుగారి భార్య మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చునేది. గుట్టనేది ఉండేది కాదు. వయసులో ఉన్న ఆడపిల్లలకి అదెంత ఇబ్బందో నేనూ పడ్డాను. ఆ రోజులు యథాతథంగా తిరిగి రావాలని నేను కోరుకోను. అయినా ఫోను మోగితే ఒకరు లేచి ఇంకొకరి గుమ్మంలోకి వెళ్లాల్సి వచ్చేది, ఆ సంగతి మర్చిపోలేను.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఉంటున్నాను. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికి వీలైనప్పుడల్లా వెళ్తాను, అటు నరసాపురం మీదుగా. ఆ మధ్య పంటు మీద పక్కన నిలబడ్డ కుర్రాణ్ని "ఏ ఊరు బాబూ?" అని అడిగాను. చెవిలో ఉన్నది తీసి, "ఆఁ, ఏంటండీ?" అని, మొగల్తూరండి అని మర్యాదగా చెప్పి, మళ్లీ పెట్టేసుకున్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. బస్సు టైము, కాయ రేటు, బ్యారేజీలో నీటిమట్టం, అంతర్వేదిలో రద్దీ, అన్నీ వాడి చేతిలోనే ఉన్నాయి. నన్ను అడగాల్సిన అవసరం వాడికి లేదు. మేం మాత్రం వాడికన్నా మంచివాళ్లమై మాట్లాడుకున్నామా? అడగందే మాకు గడిచేది కాదు, అందుకే అడిగాం. ఆ చిన్న చిన్న ప్రశ్నలు పట్టుకునే పరిచయాలు, సంబంధాలు, అప్పులు, సాయాలు అన్నీ వచ్చాయి.

ఇది గొప్ప సిద్ధాంతమేమీ అక్కర్లేకుండా మన తెలుగువాళ్లందరికీ తెలిసే చోటు ఒకటుంది. తిరుమల. అక్కడ ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు, కౌంటర్లో ఇచ్చేసి వెళ్లాలి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్ తలుపు వేశాక ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. కాసేపు అందరం గోడల వైపు చూస్తాం. ఎవరో ఒక పిల్లాడు ఏడుస్తాడు. ఎవరో ఒకావిడ సంచిలోంచి చేగోడీల పొట్లం తీస్తుంది. "ఎక్కణ్నుంచండీ?" అంటే "అనంతపురం అండి" అంటారు. గంట తిరిగేసరికి వాళ్లమ్మాయి ఏం చదువుతోందో మనకి తెలుస్తుంది, మన మోకాళ్ల నొప్పులకి వాళ్లొక తైలం చెబుతారు, వాళ్ల పసివాడు మన ఒళ్లో నిద్రపోతాడు. ఆ కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాళ్లు కూడా పంటు మీద తలొంచుకుని నిలబడ్డవాళ్లలాంటి జనమే, అదే ఈ కాలం మనుషులే. బయటికొచ్చి ఫోన్లు తీసుకున్నాక చూడండి. అప్పటిదాకా అక్కా అని పిలిచినావిడ మొహం మళ్లీ తెర వెలుగులోకి వెళ్లిపోతుంది. మనదీ అంతే. మనుషుల్లో మాట చచ్చిపోయిందంటే నేను ఒప్పుకోనిది అందుకే. ఉంది. చోటు దొరకట్లేదు.

2022 మే నెలలో అమ్మ దగ్గర ఉందామని ఊరొచ్చాను. జిల్లా పేరు విషయంలో 24వ తేదీన అమలాపురంలో అల్లర్లు జరిగి, ఇళ్లు తగలబెట్టారు. కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. కొన్నిచోట్ల దాదాపు రెండు వారాల దాకా రాలేదు. ఆ రోజుల టెన్షన్ తలుచుకోవడానికి కూడా మనసొప్పదు. ఏది నిజమో ఏది పుకారో తెలిసేది కాదు. ఇంటి నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని యానాం వైపు పరుగులు పెట్టారు. మా మేనల్లుడు పొద్దున్నే పంటెక్కి నరసాపురంలో స్నేహితుడి గదికి పోయి, పనిచేసుకుని, చీకటిపడ్డాక వచ్చేవాడు. ఫోన్‌లో డబ్బులు పడితే తప్ప చేతిలో రూపాయి లేనివాళ్లు పడిన అవస్థ నేను కళ్లారా చూశాను. ఒక ప్రాంతం మొత్తానికి పైనుంచి ఒక ఉత్తర్వుతో అలా నెట్ తీసేసే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

అయినా మా వీధిలో జరిగింది రాయకుండా ఉండలేను. కిరాణా కొట్టాయన ఫోన్‌పే పనిచేయక పాత చిట్టా పుస్తకం బయటికి తీశాడు. అప్పు రాయాలంటే పేరు కావాలి. పేరు కావాలంటే అడగాలి. మా ఇంటికి రెండిళ్ల అవతల అద్దెకున్న అమ్మాయి అంతకు ముందు రెండేళ్లుగా అక్కడే సరుకులు కొంటోంది, స్కాన్ చేసి వెళ్లిపోతోంది. "మీ పేరేంటమ్మా? ఎవరి తాలూకా?" అని ఆ రోజు మొదటిసారి అడిగాడాయన. చీరాల నుంచి వచ్చిన టీచరని, ఒక్కర్తే ఉంటోందని వీధికి అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం మా అమ్మ ఓ గిన్నెలో పనసపొట్టు కూర పెట్టి పంపించింది. ఆ గిన్నె తిరిగివ్వడానికి ఆ అమ్మాయి వచ్చింది. ఇప్పటికీ వస్తూనే ఉంది. అమ్మకి చూపు తగ్గాక మందుల పేర్లు చదివి డబ్బాల్లో సర్దిపెట్టేది ఆ అమ్మాయే. నేను రాజమండ్రిలో నిశ్చింతగా నిద్రపోతున్నానంటే అందులో ఆ చిట్టా పుస్తకానికి కూడా వాటా ఉంది.

మా మేనల్లుడు ఓ రాత్రి అరుగు మీద చేరగిలబడి, "మామ్మా, తొంభై ఆరు తుఫాను అప్పుడు మీరంతా ఎక్కడున్నారు?" అని అడిగాడు. 1996 నవంబరు 6. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. గాలి మొదలయ్యాక మా పెంకుటింట్లో ఉండలేక, వీధి చివరున్న డాబా ఇంట్లోకి అందరూ చేరారట. చీకట్లో ఎవరి బిడ్డ ఎవరి ఒళ్లో ఉందో తెలియలేదట. తెల్లారి తలుపు తీస్తే, ఊరంతా వెలుతురు మరీ ఎక్కువగా ఉందేంటా అనుకుందట అమ్మ. కొబ్బరి చెట్లు పడిపోవడం వల్ల ఆకాశం అంతా కనిపిస్తోందని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టిందట. ఇన్నేళ్లలో ఆ మాట నేనూ వినలేదు. వాడు అడిగాడు కాబట్టి బయటికొచ్చింది. నెట్ తిరిగొచ్చిన రాత్రి అరుగు మీద అమ్మ ఒక్కర్తే కూర్చుంది.

అప్పట్నుంచి ఫోన్ల మీద ఎక్కడ ఏ ఊరివాళ్లు ఏం నియమం పెట్టుకున్నా వెతికి చదువుతున్నాను. మా దగ్గర నెట్ తిరిగొచ్చిన రెండు నెలలకే, 2022 ఆగస్టు 15న, మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరివాళ్లు ఒక పని మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం 7 గంటలకు సైరన్ మోగుతుంది. ఇళ్లల్లో టీవీలు, ఫోన్లు కట్టేస్తారు. 8.30కి మళ్లీ మోగేదాకా పిల్లలు చదువుకుంటారు, పెద్దలు మాట్లాడుకుంటారు. కరోనా ఆన్‌లైన్ క్లాసుల తర్వాత పిల్లలు ఫోను వదలడం లేదని గమనించి పెట్టుకున్న నియమం అది. మొదట్లో టీచర్లు, ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి చెప్పాల్సొచ్చింది.

ఫ్రాన్స్‌లో పారిస్‌కి దగ్గర్లో సెన్ నది ఒడ్డున సెన్-పోర్ అని చిన్న ఊరుంది. జనాభా దాదాపు 2 వేలు. 2024 ఫిబ్రవరిలో వాళ్లు దీని మీద ఓటింగే పెట్టుకున్నారు. వీధిలో నడుస్తూ, దుకాణాల్లో, పార్కుల్లో, బడి గేటు దగ్గర పిల్లల కోసం ఎదురుచూస్తూ ఫోను చూడకూడదని నియమం పెట్టుకుందామా, వద్దా అని. ఓటేసినవాళ్లలో 54 శాతం మంది చూడకూడదన్నారు. జరిమానా లేదు, పోలీసులు వచ్చి పట్టుకోరు. పిల్లలకి 15 ఏళ్లు వచ్చేదాకా స్మార్ట్‌ఫోన్ కొనివ్వబోమని ఒప్పుకున్న తల్లిదండ్రులకి, మాట్లాడుకోవడానికి మాత్రం పనికొచ్చే మామూలు ఫోను ఊరి తరఫున ఇస్తామన్నారు. బడి గేటు దగ్గర అన్న ముక్క చదవగానే నాకు మా రేవులో పాక కళ్లముందు కదిలింది. ఎదురుచూసే చోటు ఎంత విలువైనదో వాళ్లకి తెలిసింది. ఆ నియమం వద్దన్న 46 శాతం మాట కూడా నేను తేలిగ్గా తీసిపారేయను. నా ఫోను నా ఇష్టం అనడంలో న్యాయం ఉంది. కాబట్టే రోజంతా, ఊరంతా అని నేననను. ఓ గంట, ఓ అరుగు, అక్కడ కూర్చునేవాళ్లే ఒప్పుకుని పెట్టుకోవాలి. పైనుంచి వచ్చినది ఎలా ఉంటుందో మా కోనసీమవాళ్లం చూశాం.

మా ఊళ్లో అలాంటిదొకటి చిన్నగా మొదలైంది, రామాలయంలో. శనివారం రాత్రి భజనకి కుర్రాళ్లు బాగానే వస్తున్నారు, సంతోషం. కానీ రామదాసు కీర్తనలు ఫోన్లో చూసి పాడుతుంటే మధ్యలో మెసేజ్ రావడం, ఒకడి చూపు అటు పోవడం, తాళం తప్పడం. చివరికి ఆ కుర్రాళ్లే అనుకుని, భజన అయ్యేదాకా ఫోన్లు పూజారిగారి గదిలో పెట్టేస్తున్నారు. మొదటి వారం రెండో చరణం దగ్గరే ఆగిపోయారట. ఎవరికీ రాదు మరి. అప్పుడు గోడకి ఆనుకుని కూర్చున్న ఒక ముసలాయన, కొబ్బరి దింపు తీసి బతికిన మనిషి, కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడట. ఆయనకి ఇన్ని కీర్తనలు వచ్చని ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు. ఫోను ఉన్నంతకాలం ఆయన్ని ఎవరూ అడగలేదు. నేను వెళ్లినప్పుడు చూశాను, ఇద్దరు ఇంటర్ కుర్రాళ్లు లాంగ్ నోట్‌బుక్ ముందు పెట్టుకుని, "తర్వాత ఏంటి తాతగారూ?" అని రాసుకుంటున్నారు. ఆయన ఒక్కో ముక్కా రెండుసార్లు పాడి వినిపిస్తున్నాడు. చెయ్యి తొడ మీద తాళం వేస్తూనే ఉంది. పదం విరవడం తప్పితే ఆపి, మళ్లీ పాడించాడు.

ఆ భజనలో ఒకావిడ ఫోను మాత్రం ఆవిడ దగ్గరే ఉంటుంది. కూతురు కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మనవరాలు ఈవిడ దగ్గరే పెరుగుతోంది. అక్కడ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అంటే అక్కడ సాయంత్రం ఆరు, ఆ ఇంట్లో పని మధ్యలో కాసేపు తీరిక దొరికే వేళ. అప్పుడు మాట్లాడకపోతే ఆ పసిదానికి తల్లి ఆ రోజుకి కనపడనట్టే. ఆవిడ ఫోను జోలికి ఎవరూ వెళ్లకూడదని కుర్రాళ్లే నిర్ణయించారు. నేనున్న రోజు కాల్ వచ్చింది. పాప తల్లి తెర మీద కనపడగానే గుడి మెట్ల మీదున్నవాళ్లంతా ముందుకి వంగి "బాగున్నావా అమ్మాయ్? తిన్నావా?" అని అడిగారు. ఆ అమ్మాయి ఒక్కొక్కరినీ పేరుతో పలకరించింది.

వరద రాత్రులకి కూడా ఈ నియమం వర్తించకూడదు. అదే 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, లంకల్లో ఉన్నవాళ్లకి ఏ గట్టు దగ్గరికి పడవ వస్తుందో తెలిసింది ఫోన్ల వల్లే. అలాంటి రోజు ఎవరైనా ఫోను పక్కన పెట్టమంటే నేనే దెబ్బలాడతాను.

ఇప్పుడు ఆ భజన కుర్రాళ్లకి ఇంకో ఆలోచన వచ్చింది. పంచాయతీ ఆఫీసు పక్కన రావిచెట్టు అరుగు మీద రోజూ సాయంత్రం ఓ గంట ఫోను తీయకూడదని బోర్డు పెడదామంటున్నారు. షాపులవాళ్లు కొందరు బేరాలు పోతాయంటున్నారు. ఆడవాళ్లు ఆ అరుగు మీద మాకు చోటెక్కడిది, ముందు అది తేల్చండి అంటున్నారు, అది చాలా న్యాయమైన మాట. ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయ్యాక అందరూ కూర్చుని మాట్లాడుకుందామని అనుకున్నారు. ఆ టీచరమ్మాయి, మా అమ్మ కూడా వస్తామన్నారు. నేను ముందు రోజు రాత్రికే ఊరు చేరుకుంటున్నాను. ఆడవాళ్లకి సగం అరుగు ఇస్తేనే నా చెయ్యి లేస్తుందని ఆ కుర్రాళ్లకి ఇప్పటికే చెప్పాను.